రాయపూర్‌లో టమాటా వేట

విజయనగరం దాటగానే బండి సముద్రాన్ని వదిలేసి కొండల దారి పడుతుంది. బొబ్బిలి, పార్వతీపురం అయిపోయాక ఒడిశాలో రాయగడ, టిట్లాగఢ్, కాంటాబంజి. ఆ తర్వాత మహాసముంద్. ఆరంగ్ దగ్గర మహానది వంతెన మీద చప్పుడు మారిందంటే సామాన్లు దించుకోవచ్చు, రాయపూర్ వచ్చేసినట్టే. మధ్య పరగణాల మాంగనీసును ఓడలెక్కించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన దారి ఇది. 1908-09 నాటికి పార్వతీపురం దాకా పట్టాలు పడ్డాయి. రాయపూర్‌తో కలిసింది 1931లో. రెండేళ్ళకి, 1933లో, విశాఖ రేవు తెరిచారు. ఖనిజం కిందికి దిగింది, మనుషులు పైకి వెళ్ళారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా వెళ్ళినవాళ్ళ మనవలు ఇవాళ రాయపూర్ రైల్వే కాలనీల్లో సగం తెలుగు, సగం హిందీ మాట్లాడుతున్నారు. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక ఇంకో విడత తెలుగువాళ్ళు ఇటు తరలి వచ్చారు.

ఈమధ్య వస్తున్నవాళ్ళు వేరే రకం. నవా రాయపూర్‌లో ఉద్యోగాలు, కొత్త ఆసుపత్రులు, సిమెంటు కంపెనీలు, విద్యుత్ కంపెనీలు. భర్త ఉద్యోగం కోసం అలా వచ్చిన విజయనగరం ఆవిడ ఒకరికి ఒక చిత్రమైన అలవాటుంది. రాయపూర్‌కి ముందు ఆవిడ కొన్నేళ్ళు న్యూజెర్సీ ఎడిసన్‌లో కాపురం చేశారు. అక్కడ పప్పులోకి, చారులోకి డబ్బా టమాటా వాడటం మరిగారు. కొత్త ఊళ్ళో సామాన్లు సర్దుకున్న వారానికే ఆవిడ వెతుకులాట మొదలైంది: మంచి డబ్బా టమాటా ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?

ఇండియాలో ఎవరైనా అడిగే ప్రశ్నేనా అని నవ్వొచ్చు. వీధి చివర తోపుడు బండి మీద టమాటాలు గుట్టగా పోసి ఉంటే డబ్బా ఎందుకు? అమెరికా చలికాలంలో పప్పు వండినవాళ్ళకి ఆ అవసరం తెలుసు. అక్కడ డిసెంబరులో అంగట్లో కనిపించే టమాటా చాలావరకు ఫ్లోరిడా నుంచి పచ్చిగా కోసి, ఎథిలీన్ వాయువుతో రంగు తెప్పించినది. చూపుకి ఎర్రగానే ఉంటుంది. పప్పులో వేస్తే పులుపూ ఉండదు, రసమూ ఉండదు. డబ్బాలోది అలా కాదు. ఎండాకాలంలో చెట్టునే పండిన కాయని, కోసిన కొద్ది గంటల్లో తొక్క తీసి, సొంత రసంలో వేసి, సీలు చేసి ఉడకబెడతారు. అందుకే చలిదేశాల్లో మంచి వంటవాళ్ళు తాజా టమాటా పక్కన పెట్టి డబ్బా అందుకుంటారు. అమెరికాలో తెలుగిళ్ళకి ఈ కిటుకు నెమ్మదిగా అబ్బింది.

ఆ కిటుకుకి రెండొందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఫ్రాన్సులో నికోలా అపెర్ అనే మిఠాయిల వ్యాపారి ఆహారాన్ని గాజు సీసాల్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, మరగబెట్టి నిలవచేసే పద్ధతిని 1810లో పుస్తకంగా వేశాడు. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యూరండ్ రేకు డబ్బాకి పేటెంటు తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే, డబ్బా వచ్చిన నలభై ఏళ్ళ దాకా దాన్ని తెరిచే పనిముట్టు రాలేదు. ఉలీ సుత్తీ పెట్టి కొట్టుకోవాల్సి వచ్చేది. ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరియో 1856లో ట్యూరిన్‌లో బఠాణీలతో మొదలుపెట్టి ఈ వ్యాపారాన్ని పెద్దది చేశాడు. తర్వాత వెసూవియస్ అగ్నిపర్వతం నీడలో పండే కోల టమాటా, సాన్ మార్జానో, డబ్బాలకి రారాజు అయింది. గింజ తక్కువ, కండ ఎక్కువ. 1996లో యూరోపు దానికి ప్రాంతపు పేరు రక్షణ కూడా ఇచ్చింది.

ఈ చరిత్ర ఎంత ఘనమైనదైనా రాయపూర్ మాల్‌లో అరమీద దాని వాటా జానెడే. తేలిబాంధా చెరువు దాటి జీఈ రోడ్డు మీద ఉన్న మాల్స్‌లోనూ, పండ్రీ వైపు పెద్ద దుకాణాల్లోనూ పాస్తా, ఆలివ్ నూనె పక్కన కొన్ని ఇటలీ డబ్బాలుంటాయి. వాటి పక్కనే మన దేశపు ప్యూరీ అట్టపెట్టెలు. ఆవిడ అద్దాలు పెట్టుకుని లేబుళ్ళు చదవడం మొదలుపెడితే వెంట వచ్చిన ఆయన ఫోను చూసుకోవాల్సిందే. ఆవిడ లెక్క ఆవిడది. 400 గ్రాముల డబ్బాలో రసం వంచేస్తే మిగిలే కాయ 240 గ్రాముల దాకా ఉంటుంది. అది చెడ్డ విషయం కాదు, చారుకి ఆ రసమే కావాలి. పదార్థాల జాబితాలో 330 అనే కోడ్ ఉంటే సిట్రిక్ యాసిడ్, దానితో పేచీ లేదు. 509 అని ఉంటే మాత్రం డబ్బా వెనక్కి వెళ్ళిపోతుంది. అది కాల్షియం క్లోరైడ్. ముక్కలుగా కోసిన టమాటా చెదరకుండా ఉండటానికి కలుపుతారు. పాస్తాలో ముక్క కనిపించాలనుకునేవాళ్ళకి అది సుఖం. పప్పులో ముక్క కరిగి పోవాలనుకునే తెలుగు వంటకి అదే బెడద. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా ముక్క ముక్కగానే ఉంటుంది. కాబట్టి కోసిన ముక్కల డబ్బా వద్దు, తొక్క తీసిన నిండు కాయల డబ్బా కొని చేత్తో చిదుముకోవాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఎడిసన్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఎన్ని ఇళ్ళలో టమాటా పప్పు ఉడకలేదని పప్పుని తిట్టి ఉంటారో.

ఇన్ని పరీక్షలు నెగ్గిన డబ్బా మాల్‌లో దొరక్కపోలేదు. దాని ధర పెట్టి బయట సంచి నిండా టమాటాలు కొనొచ్చు. అది జనవరి నెల. రాయపూర్‌లో జనవరిలో డబ్బా టమాటా కొనడం పిచ్చిపని అని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు, శాస్త్రి బజార్‌కి వెళితే చాలు.

ఊరి నడిబొడ్డున, జయస్తంభ్ చౌక్‌కి దగ్గరలో ఉంటుంది శాస్త్రి బజార్. పొద్దున్నే కొత్తిమీర కట్టల వాసన, పచ్చిమిరపకాయల ఘాటు, ఆ మీద బురద. టమాటా వరసలో రెండు రకాలు వేరువేరుగా పోసి ఉంటాయి. ఒకటి కోలగా, నున్నగా, అన్నీ ఒకే కొలతలో. లారీలో దూరం వెళ్ళడానికి పెంచిన హైబ్రిడ్, వేలితో నొక్కినా తొణకదు. ఇంకోటి పొట్టిగా, గుమ్మడికాయలా గాట్లు పడి, తొడిమ దగ్గర ఆకుపచ్చ చార ఉన్నది. అమ్మే ఆమె ఒకటి తీసి బొటనవేళ్ళతో రెండుగా చీల్చి చూపించింది. గదుల నిండా గింజలు, గింజల చుట్టూ బంక లాంటి రసం. "దేసీ ఆయ్ దీదీ" అంది. చీల్చిన కాయ అక్కడే నోట్లో వేసుకుంటే దవడలు జివ్వుమన్నాయి. ఆ పులుపు హైబ్రిడ్‌లో లేదు, ఇటలీ డబ్బాలోనూ లేదు. సాన్ మార్జానో కండకి ప్రసిద్ధి. చారుకి కావలసింది ఈ గింజల చుట్టూ ఉన్న బంక.

ఛత్తీస్‌గఢీలో టమాటాని పతాల్ అంటారు. మామూలు భోజనంలో పతాల్ చట్నీ లేని రోజు తక్కువ. దీన్ని తీరిగ్గా రుచి చూడాలంటే ఘడీ చౌక్ దగ్గర మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఆవరణకి వెళ్ళాలి. మ్యూజియం 1875 నాటిది. దాని ఆవరణలో 2016లో గఢ్ కలేవా అని ఛత్తీస్‌గఢ్ తిండి దొరికే చోటు ఒకటి తెరిచారు. చెట్ల కింద కూర్చుని బియ్యప్పిండి చీలా, ఆవిరిమీద ఉడికించిన ఫరా, ఠేఠ్రీ, ఖుర్మీ తినొచ్చు. చీలాతో వచ్చే చట్నీలో టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు, అంతే. పొయ్యి ఎక్కదు, తాలింపు లేదు. ఇళ్ళలో అయితే సిల్ అనే సన్నికల్లు మీద లోఢా అనే పొత్రంతో నూరతారు. ముందు ఉప్పు, మిర్చి, వెల్లుల్లి నలిగాక టమాటాని అదిమి ఒక్క లాగు లాగితే తొక్క విడిపోయి రసం రాతి మీద పారుతుంది. దాన్ని చేత్తో ఆపుకుంటూ నూరడమే పనితనం. మిక్సీలో వేస్తే అదే సామాను గులాబి రంగు నురగవుతుంది. రోలు పక్కనపెట్టేసిన తెలుగిళ్ళకి ఇది కొత్త పాఠమేమీ కాదు గానీ గుర్తు చేసుకోదగ్గదే.

ఈ చట్నీకి అసలు జోడీ బోరే బాసీ. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉప్పు వేసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తినడం. మన చద్దన్నమే. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ కార్మికుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని పిలుపిస్తే అధికారులూ మంత్రులూ గిన్నెలు పట్టుకుని ఫోటోలు దిగారు. చద్దన్నానికి సర్కారు హోదా ఇవ్వాలన్న ఆలోచన మన వైపు ఎవరికీ ఎందుకు రాలేదో!

చలికాలపు టమాటా ఇక్కడ దొరకడం కష్టం కాదు, వదిలించుకోవడం కష్టం. దుర్గ్ జిల్లా ధమ్‌ధా చుట్టుపక్కల, ఉత్తరాన జశ్‌పూర్ జిల్లా పత్థల్‌గావ్, లుడేగ్ వైపు టమాటా విరగకాస్తుంది. రాయపూర్ కేంద్రంగా ఉన్న వీఎన్‌ఆర్ లాంటి సంస్థలు వంగ జాతి వేరు మీద టమాటా కొమ్మ అంటుకట్టిన నారు అమ్ముతున్నాయి. ఎండు తెగులునీ నీటి నిల్వనీ వంగ వేరు తట్టుకుంటుంది, కాయ టమాటాదే కాస్తుంది. దిగుబడి పెరిగింది. ధర మాత్రం రైతు చేతిలో లేదు. పంట అంతా డిసెంబరు, జనవరిల్లో ఒక్కసారి మార్కెట్ మీద పడితే కోత కూలి కూడా రాదు. పెద్దనోట్ల రద్దు తర్వాత, 2016 డిసెంబరులో, పత్థల్‌గావ్ వైపు రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోశారు. 2017 జనవరి మొదట్లో రైతులు బండ్ల కొద్దీ కూరగాయలు రాయపూర్ తెచ్చి జనానికి ఊరికే పంచిపెట్టి నిరసన తెలిపారు. జనం సంచులు పట్టుకుని బారులు తీరారు. కర్నూలు జిల్లా పత్తికొండ రోడ్ల మీద ఇలాంటి ఎర్రటి కుప్పలు తెలుగు పేపర్లలో ఎన్నిసార్లు చూడలేదు!

అదే టమాటా 2023 జులైలో దేశమంతా వంద దాటింది, కొన్నిచోట్ల రెండు వందలు కూడా చూసింది. కేంద్రం ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కొని ఢిల్లీ లాంటి చోట్ల మొదట కిలో 90 రూపాయలకి అమ్మించింది. వానాకాలంలో రాయపూర్ కూడా ఎక్కువగా బయటి టమాటా మీదే బతుకుతుంది. ఆరు నెలల్లో పారబోసే సరుకు బంగారమవుతుంది. ఈ రెండు కొసల మధ్య ఉండాల్సింది డబ్బా. ఇటలీలో రైతు పొలం నుంచి లారీ తిన్నగా డబ్బాల ఫ్యాక్టరీకి వెళుతుంది, కాయని కూడా దానికోసమే పెంచుతారు. ఇక్కడ కాయ పెరిగేది సంత కోసం. మిగిలిపోయినప్పుడే ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఏడాదిలో మూడు నెలలు మిగిలే సరుకుని నమ్ముకుని ఎవరు ఫ్యాక్టరీ నడుపుతారు? ఈ ఒక్క చిక్కు విప్పకుండా ఆహార శుద్ధి పథకాలు ఎన్ని ప్రకటించినా లాభం లేదు.

ఫ్యాక్టరీ చేయని పని డాబాలు చేస్తున్నాయి. వ్యాగన్ రిపేర్ షాపు కాలనీ వైపు, మూడు తరాలుగా ఇక్కడే ఉన్న ఒక పాలకొండ మూలాల కుటుంబంతో న్యూజెర్సీ ఆవిడకి పరిచయమైంది. డబ్బా టమాటా మాట ఎత్తగానే ఆ ఇంటి పెద్దావిడ నోటి మీద చెయ్యేసుకుంది.

"ఏటమ్మా, టమాటాకి డబ్బా ఏటి? ఛత్ మీద ధూప్‌లో ఎట్టేస్తే సరిపోద్ది కదా!"

"పురుగు పట్టదా పిన్నిగారూ?"

"ఉప్పు సరిగ్గా ఏస్తే ఏ పురుగూ రాదు. విశాపట్నంలోనయితే గాలికి మెత్తబడిపోద్ది. ఇక్కడ రెండ్రోజుల్లో గలగలమంటాది."

పెద్దావిడ చెప్పింది నిజం. సముద్రం ఒడ్డున గాలిలో తేమ. రాయపూర్‌కి చలికాలం చివర్లో ఎండ ఉంది, పొడి గాలి ఉంది, టమాటా చవకగా ఉంది. మూడూ కలిసొచ్చేది ఆ కొద్ది వారాలే. ఫిబ్రవరిలో ఆ డాబా మీద రెండు రకాల టమాటా ఆరుతూ ఉంటుంది. పాత చీర మీద ఉప్పూ పసుపూ వేసి రెండు రోజులు ఊరబెట్టి పిండిన ముక్కలు. పక్కనే పింగాణీ బేసిన్‌లో ఆ ఊట, అందులో నానేసిన చింతపండు, అదీ ఎండలోనే. ఇది తెలుగు నిలవ పచ్చడి. ముక్క ఎండాక ఊటలో కలిపి దంచి, కారం, మెంతిపిండి, ఆవపిండి వేసి, వెల్లుల్లి తాలింపు పెడితే ఏడాది చూసుకోనక్కర్లేదు. ఊట పారబోసి ముక్క ఒక్కటే ఎండబెట్టేవాళ్ళని చూస్తే పెద్దావిడకి ఒళ్ళు మంట. "పులుపంతా దాన్లోనే ఉంది గదా, ఏటి పారబోత్తారు!" శాస్త్రి బజార్‌లో చీల్చిన కాయలో కనిపించిన బంక రసం కథే ఇది. డబ్బా టమాటాని సొంత రసంలోనే ఉంచడానికి ఇటలీవాళ్ళకి ఏ కారణం తోచిందో, పాలకొండ పచ్చడికీ అదే కారణం.

చీరకి రెండో వైపున ఆరేవి ఉప్పు కూడా లేని వట్టి చక్రాలు. అది పెద్దావిడ తల్లి నేర్పింది కాదు, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దగ్గర నేర్చుకున్నది. పల్లెల్లో చలికాలపు వంకాయ, టమాటా ఇలా చక్రాలు కోసి ఎండేసి, కూరగాయ దొరకని వానాకాలానికి దాస్తారు. ఖోయిలా అంటారు. శనగ ఆకు ఎండబెడితే అది సుక్సా. మన ఒరుగులకి చుట్టాలే. రెండు కుటుంబాల ఒరుగులూ ఒకే ఎండలో ఆరి, ఎవరి డబ్బాలోకి వాళ్ళు వెళ్ళిపోతాయి. ఈ డబ్బాలు మాత్రం డాల్డావి, హార్లిక్స్‌వి.

పులుపు వెతుకుతూ వెళితే ఇక్కడ దొరికేవి ఇంకా ఉన్నాయి. ఆకుకూరల బుట్టల్లో అమారీ భాజీ అని పిలిచి అమ్మేది మన గోంగూరే. ఎర్ర కాడ, తెల్ల కాడ రెండూ వస్తాయి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు గుంటూరు నుంచి గోంగూర పచ్చడి సీసాలు తెప్పించుకుంటూ, అదే ఆకు మార్కెట్లో కట్టలు కట్టి ఉంటే పక్కనుంచి నడిచి వెళ్ళిపోతారు. చింతపండు సంగతి మరీ విడ్డూరం. రాయపూర్‌కి దక్షిణాన బస్తర్ అడవుల్లో గిరిజనులు ఏరి అమ్మే చింతపండుకి జగదల్‌పూర్ మార్కెట్టు పెట్టింది పేరు. ఆసియాలోనే పెద్దదని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ సరుకులో పెద్ద వాటా ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు వంటిళ్ళకి దిగుతుంది. తమ ఊరి దుకాణంలో కొన్న చింతపండుని ట్రంకుపెట్టెలో పెట్టుకుని రాయపూర్ తెచ్చుకునే తెలుగు కుటుంబాలు నిజానికి దాన్ని పుట్టింటికి తిరిగి తెస్తున్నాయేమో. బస్తర్‌లో ఎర్రచీమలతో నూరే చాప్డా చట్నీ కూడా పులుపే. దాని జోలికి న్యూజెర్సీ ఆవిడ ఇంకా పోలేదు.

2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖ మధ్య వందే భారత్ నడుస్తోంది. ఒకప్పుడు రాత్రి ప్రయాణం చేసినవాళ్ళు ఇప్పుడు పగటి పూటే దిగిపోతున్నారు. పండక్కి వెళ్ళే తెలుగువాళ్ళ సామాన్లలో ఒకప్పుడు పచ్చళ్ళు ఒకే వైపు, కింద నుంచి పైకి, ప్రయాణం చేసేవి. ఇప్పుడు రాయపూర్ డాబాల మీద ఎండిన టమాటా పచ్చడి విశాఖ అపార్ట్‌మెంట్లకి దిగుతోంది. అక్కడ ఆరబెట్టుకోవడానికి డాబా ఎవరికుంది?

మాల్‌లో కొన్న ఇటలీ డబ్బా ఏమైందంటే, అది వృథా పోలేదు. ఒక ఆదివారం పిల్లల పాస్తాకి సరిగ్గా సరిపోయింది. ఆ పనికి దానికి సాటి లేదని ఆవిడే ఒప్పుకుంటారు. చారు మాత్రం మారింది. ఎండిన ఖోయిలా చక్రాలు గుప్పెడు తీసి గోరువెచ్చని నీళ్ళలో నానేస్తారు. పది నిమిషాలు చాలవు, అరగంట కావాలి. నానిన నీళ్ళు పారబోయకూడదు, చారులో పోయాలి. చక్రాల్ని చేత్తో చిదిమి, చింతపండు సగానికి తగ్గించి, మిరియాలు జీలకర్ర కొట్టి వేస్తే జులైలో కూడా టమాటా చారు కుదురుతుంది. ఉప్పు చివర్లో చూసి వేసుకోవాలి. పొరపాటున పెద్దావిడ ఉప్పేసి ఎండబెట్టిన ముక్కలు చేతికొస్తే ఇక చారులో ఉప్పు వెయ్యనే అక్కర్లేదు.